సందుగల దాచిన రైలుబట్టలు

రాండ్రి, మంటకు జర దగ్గరికి జరిగి కూసోండ్రి. సందుగల ఏమున్నది తాతా అని దసరాకెల్లి అడుగుతున్నరు. ఇయ్యాల దించిన. బంగారం, వెండి ఏం లేవు బిడ్డా, అన్నీ బట్టలే. అవి సుత కొత్తయి కావు. గార్డుసాబు తెల్లకోటు, ఫైర్‌మ్యాన్ నీలి చొక్కా, కూలాయన ఎర్రంగీ, టీసీ నల్లకోటు, మా నాయిన చలికోటు, మా అమ్మ కుట్టిన బొంత. అన్నీ రైలు మీద బతికినోళ్ళ బట్టలు. నిప్పురవ్వ పడితె కాలిపోతయని అటుపక్క చాప మీద పరిచిన. చేతులు కడుక్కొని ముట్టుకోండ్రి.

రైలంటే పిచ్చి ఉన్నోళ్ళు లోకంల మస్తుమంది. ఒకాయన ఇంజన్ నంబర్లు రాసుకుంటడు, ఒకాయన అట్టముక్క టికెట్లు దాచిపెడ్తడు, ఇంకొకాయన కూత విని ఏ ఇంజనో చెప్తడు. నేను బట్టలు జమచేసిన. ఎందుకంటె ఇంజన్లను దాచెటోళ్ళు ఉన్నరు. పాత ఇంజన్‌కు రంగులేసి, కంచె కట్టి, ఏ సాలుల చేసిన్రో, ఎంత బరువో బోర్డు రాసి పెడ్తరు. మంచిదే. దాంట్ల బొగ్గేసినాయన చొక్కా ఏడికి పోయిందని మాత్రం ఎవ్వరు అడగరు. నేను అడిగిన, ఇల్లిల్లు తిరిగి అడిగిన. తెలిసిందేందంటె, అది మసిబట్ట అయ్యింది, అర్రలు తుడిచే గుడ్డ అయ్యింది, లేకుంటె పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె గంపల పోయింది.

మీరు చందానగర్ స్టేషన్‌ల ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీల దిగుతరు గదా, ఆ పట్టాల దారి ఎప్పటిదో ఎరుకేనా? 1874 అక్టోబర్‌ల వాడీ కెల్లి సికింద్రాబాద్‌కు మొదటి రైలు వచ్చింది ఈ దారినే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ గప్పటికి చిన్న పిల్లగాడు, రాజ్యం నడిపింది దివాన్ సాలార్‌జంగ్. బొంబాయి మద్రాసు లైను వాడీ మీదికెల్లి పోతుంటె, మన హైదరాబాద్‌ను తెచ్చి దానికి కలిపిన్రు. తర్వాత ఒక కంపెనీ నడిపింది, 1930ల నిజాం సర్కారు కంపెనీని కొనేసి తన చేతులకు తీసుకున్నది. మన ఆర్టీసీ బస్సులు సుత ఆ రైల్వే కడుపుల పుట్టినయే. 1932ల 27 బస్సులతోటి రోడ్డు మీదికి దిగింది రైల్వే వాళ్ళే. దేశానికి స్వతంత్రం వచ్చినంక, 1951 నవంబర్ 5 నాడు నిజాం రైల్వే పోయి సెంట్రల్ రైల్వేల కలిసింది. 1966 అక్టోబర్ 2 నాడు సికింద్రాబాద్ పెద్ద ఆఫీసుగ దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. మా నాయిన ఒక్క బీటు మీదనే, అంటె తను చూసుకునే పట్టాల ముక్క మీదనే, బతుకంత నడిచిండు గని, జీతమిచ్చే రైల్వే పేరు మూడు తీర్ల మారింది. పేరు మారినప్పుడల్లా బట్ట మీది ముద్ర సుత మారింది.

మా నాయిన కీమ్యాన్. కీమ్యాన్ అంటె ఏందో మీకు తెల్వదు. పొద్దు పొడవకముందే లేచి, భుజాన పెద్ద స్పానర్, చేతిల పొడుగు కట్టె సుత్తె, సంచిల ఎర్రజెండా, పచ్చజెండా పెట్టుకొని, తన బీటంత కాలినడకన పోవాలె, మళ్ళ తిరిగి రావాలె. పట్టాను పట్టి ఉంచే చావీలు రైలు అదురుకు వదులైతయి. వదులైనదాన్ని సుత్తెతోటి కొట్టి బిగియ్యాలె, బోల్టు ఊడితె మళ్ళ తొడగాలె. దెబ్బ పడంగనే వచ్చే చప్పుడును బట్టి చావీ బిగుసుకున్నదా లేదా చెప్తుండె మా నాయిన. ఎండైనా, వానైనా, పండుగైనా గదే పని. ఒక గ్యాంగు, దాని మీద ఒక మేస్త్రీ, ఆయన్ని మేట్ అంటరు. లైను పక్కన గ్యాంగు క్వార్టర్లు, ఒక అర్ర, ఒక వంటిల్లు. మేం పుట్టి పెరిగింది ఆ క్వార్టర్ల.

గప్పటి చందానగర్ అంటె ఊరే. గంగారం చెరువు, బండరాళ్ళు, సీతాఫలం చెట్లు, జొన్న చేన్లు, పాత బొంబాయి రోడ్డు. 1960లల్ల రామచంద్రాపురంల బీహెచ్ఈఎల్ వచ్చినంక జర జనం పెరిగిన్రు. నేను సుత ఆ ఫ్యాక్టరీలనే నౌకరి చేసిన. గని పానమంత లైను మీదనే ఉండె.

ఇగ బట్టల ముచ్చటకు వస్త. రైల్వే వాళ్ళు కుట్టిన అంగీలైనా ఇచ్చేటోళ్ళు, బట్టైనా కోసి ఇచ్చేటోళ్ళు. కుట్టిన అంగీ వస్తె అది ఎవ్వరికి సరిపోకపొయ్యేది. సన్నటాయనకు దొడ్డంగీ, దొడ్డాయనకు సన్నంగీ. అందుకని అందరూ మేట్ ఇంటిముందట కూసోని మార్చుకునేటోళ్ళు. బట్ట వస్తె మాత్రం పండుగే. దర్జీ కాడికి పోయి, నాయినకు అంగీ కుట్టంగ మిగిలిన తుకుడలతోటి మాకు నిక్కర్లు కుట్టిస్తుండె అమ్మ. లైను పక్క క్వార్టర్ల పోరగాండ్లందరికి ఒక్కటే రంగు నిక్కరు. బడిల పంతులు దూరంకెల్లే గుర్తుపట్టేటోడు, వీడు రైలోళ్ళ పిల్లగాడని. తక్కువతనం అనిపించలే మాకు. నాయిన సర్కారు బట్ట కట్టుకున్నడంటె నెల తిరిగేసరికి జీతం వస్తదని లెక్క. షావుకారు ఉద్దెర ఇచ్చేది సుత ఆ అంగీని చూసే.

ఈ కోటు పట్టుకో బిడ్డా, బరువున్నది గదా. ఉన్నితోటి నేసింది. చలికాలం రాత్రి పెట్రోలింగ్ చేసెటోళ్ళకు ఇచ్చేటోళ్ళు. చలికి రాత్రిపూట పట్టాలు ఎందుకు చూడాలె అంటవేమో. ఇనుము చలికి కుంచించుకపోతది. రెండు దిక్కుల నుంచి గుంజినట్టయి, అతుకు కాడనో బోల్టు బొక్క కాడనో పట్టా పగులుతది. ఎండాకాలం అయితె సాగి పక్కకు వంగుతది. అందుకే గజగజ వణికే రాత్రుల ఇద్దరిద్దరు జతగ దీపం పట్టుకొని నడవాలె. బీటు చివర పక్క బీటోళ్ళు ఎదురైతరు, వాళ్ళ చేతుల పుస్తకం వీళ్ళు, వీళ్ళ పుస్తకం వాళ్ళు మార్చుకొని మళ్ళ వెనుకకు తిరగాలె. ఇంట్ల పండుకొని సంతకం పెడ్తమంటె నడువదు.

కోటు మెడ లోపల చూడు, తెల్లటి పాత చీరముక్క ఉన్నది. ఉన్ని మెడకు రాసుకొని దద్దులు వస్తున్నయని అమ్మ కుట్టింది. ఎడమ జేబుల నల్లటి మరక కిరసనాయిలుది. ఎన్నిసార్లు ఎండేసినా వాసన పోలే. ఇగ కుడి మోచేయి కాడ చిరుగు చూడు. నల్లదారం ఇంట్ల లేకుంటె నీలి దారంతోటి అల్లింది. ఆ చిరుగు పడిన రాత్రి ముచ్చట మా నాయిన మాకు చానసార్లు చెప్పిండు.

సంక్రాంతి ముందటి చలి. తెల్లారుజామున పట్టా మీద దీపం ఆడిస్తుంటె వెంట్రుకంత నల్లగీత కనవడ్డదట. వంగి వేలు పెట్టి చూస్తె పగులు. జతగాన్ని ఒక దిక్కు ఉరికించి, రైలు వచ్చే దిక్కు తను ఉరికిండు. పటాకీలు అంటరు గదా, పట్టా మీద పెడ్తె ఇంజన్ చక్రం కింద ధన్ ధన్ పేలేటియి. ఇప్పటి లెక్కల అయితె ఆపద జాగకు 600 మీటర్ల కాడ ఒకటి, 1200 మీటర్ల కాడ పది పది మీటర్ల ఎడంతోటి మూడు పెట్టాలె. కంకర మీద చీకట్ల ఉరుకుడు మీకు తెల్వదు. జారి పడ్డడు, మోచేయి చిరిగింది, దీపం ఆరిపోయింది. అయినా లేచి ఉరికి పటాకీలు పెట్టి, రెండు చేతులు తలమీదికి లేపి నిలబడ్డడు. జెండా లేకున్నా రెండు చేతులు పైకెత్తితె ఆపుమని రైల్వే కానూను. పటాకీలు పేలినయి, బండి ఆగింది. డ్రైవరు దిగి వచ్చి, ఏం మాట్లాడకుంట మా నాయిన భుజం మీద చెయ్యేసి, ఇంజన్ పొయ్యి కాడ వేడి చేసిన చాయ్ పోసిండట. బండిల పండుకున్నోళ్ళకు ఆగింది సుత ఎరుక ఉండదు. గిట్లాంటి రాత్రులు ఈ లైను మీద ఎంతమంది కీమ్యాన్లకు, గ్యాంగ్‌మ్యాన్లకు వచ్చినయో. వాళ్ళ పేర్లు ఏ బోర్డు మీద లేవు.

ఇప్పుడు బొంత ఇప్పుతున్న, ఇద్దరు అటు చివర పట్టుకోండ్రి. నా సందుగల అన్నిటికన్న ఇలువైంది ఇదే. మా అమ్మకు చదువు రాదు, అయినా నాయిన నౌకరి చరిత్ర మొత్తం దీంట్ల కుట్టింది. నాయిన అంగీలు చినిగినప్పుడల్లా, మంచిగున్న వీపు ముక్కో, కింది అంచో కోసి దాచేది. వానాకాలం పనుల్లేని పొద్దుల వాటిని పాత చీరల మీద పరిచి, వరుసగ దారం కుట్టు వేసేది. ఈ మూలకున్న ఖాకీ ముక్కను వెలుతురుకు పట్టు. అంచు మీద మాసిపోయిన నల్ల సిరా ముద్ర కనవడుతదా? ఇంగ్లీషుల ఎన్, ఎస్, ఆర్. నిజాం స్టేట్ రైల్వే. నేను పుట్టకముందటి బట్ట అది. దాని పక్కన ఈ నీలి ముక్కలన్నీ సెంట్రల్ రైల్వే జమానావి. ఉతికి ఉతికి ఒక్కోటి ఒక్కో నీలి అయ్యింది. అంచున ఉన్న ముదురు నీలి దక్షిణ మధ్య రైల్వే వచ్చినంకది. నడిమధ్యల జేబు ఒకటి ఊడదియ్యకుంట అట్లనే కుట్టింది చూడు. ఎందుకమ్మా అంటె, పిల్లలు పండుకున్నప్పుడు చెయ్యి పెట్టుకోనీకె అన్నది. నిజంగనే నేను ఆ జేబుల చెయ్యి పెట్టుకొని నిద్రపోయేటోన్ని.

ఈ బొంతను చూసే నాకు బట్టల మీద మనసు పడ్డది. మా నాయినయి ఉంటె సాలదు, లైను మీద బతికిన ప్రతి ఒక్కరి బట్ట ఒక్కటైనా ఉండాలె అనిపించింది.

ఈ నీలి చొక్కా మా చిన్నాయినది. ఆయన సికింద్రాబాద్‌ల ఫైర్‌మ్యాన్, బొగ్గింజన్ల మీద. వెలుతురుకు పట్టి చూస్తె జల్లెడ లెక్క ఉంటది. అవి పురుగు కొట్టిన బొక్కలు కావు, నిప్పురవ్వలయి. పొయ్యి తలుపు తెరిచి పారతోటి బొగ్గు విసిరినప్పుడల్లా రవ్వలు ఎగిరి మీద పడేటియి. చూడు, ఒక్కో బొక్క చుట్టూ గోధుమరంగు అంచు ఉన్నది. కుడిచేతి మీద ఎక్కువ, ఎడమచేతి మీద తక్కువ. పొయ్యికి దగ్గరగ పొయ్యేది ఏ చెయ్యో బట్టే చెప్తది. సింగరేణి బొగ్గు తిని బతికినయి మన నిజాం రైల్వే ఇంజన్లు. ఆ బొగ్గు మసి చిన్నాయిన కండ్లకు కాటుక పెట్టినట్టు ఉంటుండె, పెండ్లికి పోయినా పోకపోతుండె.

టెర్రికాటన్ కొత్తగ వచ్చినప్పుడు అందరు అదే కొన్నరు. ఉతికితె ఇట్లె ఆరుతది, ఇస్త్రీ అక్కర్లేదు. చిన్నాయిన మాత్రం డ్యూటీకి ముట్టలే. నూలు బట్ట మీద రవ్వ పడితె బొక్క పడుతది, అంతె. గా బట్ట మీద పడితె కరిగి తోలుకు అతుకుతది, గుంజితె తోలు వస్తదని చెప్తుండె. పనిచేసేటోనికి తన బట్ట గురించి తెలిసినంత దుకాణపాయనకు తెల్వదు.

ఎడమచెయ్యి మోచేయి పైన బట్ట అరిగి పోగులు తేలింది గదా? సింగిల్ లైన్ల మీద ఎదురుగ బండి రాకుండ ఉండనీకె టోకెన్ ఇచ్చేటోళ్ళు, పెద్ద బెత్తం రింగుకు సంచి కట్టి అందుల ఇనుప గుండు పెట్టి. బండి ఆగకుంట పోతుంటె ప్లాట్‌ఫారం మీది మనిషి రింగు పైకెత్తి పట్టుకుంటడు, ఇంజన్ మీదాయన చెయ్యి చాపి దాంట్లకు దూర్చి గుంజుకుంటడు. ఉరికే బండిల ఆ రింగు చేతికి కొట్టుకుంటె కమిలిపోయేది. వేలసార్లు గట్ల పట్టిన చెయ్యి ఇది. 1995ల మన దేశంల పెద్ద లైన్ల మీద బొగ్గింజన్ల సర్వీసు అయిపోయింది. చిన్నాయిన అప్పటికే రిటైరయ్యిండు. ఈ చొక్కా చిన్నమ్మ గిన్నెలామెకు ఇయ్యబోతుంటె, నేను ఆ సమయానికి ఇంటికి పోయిన కాబట్టి దక్కింది. గిన్నెలామె ఏం తప్పు చేసింది, ఆమెకు బట్టే బతుకు. ఆమెకు ఇంకో రెండు చీరలిచ్చి చొక్కా తెచ్చుకున్న.

గార్డుసాబు కోటు తెల్లడ్రిల్లు. జుమ్మెరాత్ బజార్‌ల దొరికింది, పాత ఇనుప సామాన్ల నడుమ. బొగ్గుబండికి తెల్లబట్ట ఏందని మీరు అడుగుతరు, నేను సుత చిన్నప్పుడు అడిగిన. గార్డు ఉండేది బండి తోక కాడ, బ్రేక్ వ్యాన్‌ల. డ్రైవరు వెనుకకు తిరిగి చూస్తె అంత దూరంకెల్లి కనవడాలె, రాత్రయినా కనవడాలె, అందుకే తెలుపు అని మా నాయిన చెప్తుండె. ఈ ఇత్తడి గుండీలు చూడండ్రి, కుట్టినయి కావు. వెనుక చిన్న రింగు ఉంటది, దాన్ని తీస్తె గుండీ ఊడి వస్తది. చాకలికి వేసేముందట గుండీలన్నీ తీసి పెట్టుకోవాలె, చింతపండుతోటి రుద్ది మెరిపించి, ఇస్త్రీ అయినంక మళ్ళ తొడగాలె. ఆ పని గార్డులోళ్ళ ఇండ్లల్ల పిల్లలది. ఒక్క గుండీ పోతె ఇంట్ల లొల్లి. 2022 జనవరిల గార్డు పేరు ట్రైన్ మేనేజర్ అయ్యింది, డ్రైవరు అంతకుముందే లోకో పైలట్ అయ్యిండు. మంచిదే, గౌరవం ఉన్న పేర్లు.

ఎర్రంగీ ఎవ్వరికైనా తెలిసిందే, 1983ల వచ్చిన అమితాబ్ కూలీ సినిమాతోటి దాని పేరు దేశమంత పాకింది. దీంతోటి ఇత్తడి బిళ్ళ లేదేందని అడగకండ్రి. బిళ్ళ రైల్వేది, నంబరుతోటి ఇస్తరు, దాన్ని బట్టే లైసెన్సు. ముసలాయన పని మానేస్తె బిళ్ళ కొడుకుకు పోతది గని, నా అసొంటోని సందుగలకు రాదు, రావద్దు సుత. కాని బిళ్ళ ఆనవాలు ఉన్నది. చేతి మీద ఈ గుండ్రటి జాగ చూడు. అంగీ అంత ఎండకు ఎలిసి ఇటుకరంగు అయ్యింది, ఇక్కడొక్క కాడ మాత్రం కొన్ననాటి ఎరుపు. బిళ్ళ నీడల ఎండ తగలక అట్లనే ఉన్నది. భుజాల మీద కుట్టు రెండుసార్లు, మూడుసార్లు వేసిన్రు, సూట్‌కేసు అంచులు కోసినందుకు. ఇచ్చినాయన సికింద్రాబాద్ స్టేషన్‌ల బతుకంత మోసినాయన. పైసలిస్తె తీసుకోలే. పెట్టెల దాస్తవా, దాయి, నా మనుమడు వస్తె చూపెట్టు అన్నడు. 2016 రైల్వే బడ్జెట్‌ల కూలీలను సహాయక్ అని పిలవాలన్నరు. ఈ చక్రాల పెట్టెలు వచ్చినంక ఆ సహాయక్‌కు మోసే పనే సగమయ్యింది. మన చందానగర్, హఫీజ్‌పేట్ అసొంటి స్టేషన్లల్ల అసలు ఎర్రంగీయే కనవడదు.

టీసీ నల్లకోటు గురించి పెద్దగ చెప్పనీకె ఏం లేదు. మే నెల మన ఎండల దాన్ని తొడుక్కున్నాయన ఓపికకు దండం పెట్టాలె. 2020ల కరోనా వచ్చినప్పుడు కోటు, టై వద్దని రైల్వే బోర్డు చెప్పింది.

బయటి దేశాలల్ల ఈ రైలుబట్టలకు మస్తు ఇలువ. అమెరికాల ఇంజన్ డ్రైవర్లు నీలి తెలుపు సన్న గీతల టోపీలు, అదే బట్ట ఓవరాల్స్ వేసుకునేటోళ్ళు, మసి పడినా కనవడకుంట. ఇప్పుడు అవి ఇంజన్ పిచ్చోళ్ళ బట్టలు అయినయి. పాత బొగ్గింజన్ బండి ఎక్కితె తాతలు, మనుమలు అందరు గీతల టోపీలే. మీ అత్త డాలస్ కెల్లి నాకు ఒకటి తెచ్చింది, ఇగో. ఆ దేశంల క్రోమర్ అని ఒక ఇంజన్ డ్రైవరు ఉండె, బేస్‌బాల్ సుత ఆడేటోడు. ఇంజన్ల గాలికి ఆయన టోపీ ఎగిరిపోతుండె. 1903ల తన భార్య ఐడాకు పాత బేస్‌బాల్ టోపీ ఇస్తె, ఆమె చెవుల మీదికి వచ్చే పట్టీ కుట్టి బిగించింది. తోటి రైలోళ్ళందరు మాకు కావాలె, మాకు కావాలె అన్నరు. ఆయన పేరుతోటి ఆ టోపీలు ఇప్పటికీ అమ్ముతున్నరు. నేను ఆ ముచ్చట విన్నప్పుడు మా అమ్మ కోటు మెడకు కుట్టిన చీరముక్కే యాదికొచ్చింది. ఏ దేశంల అయినా రైలోని బట్టను ఒంటికి సరిజేసింది ఇంటి ఆడమనిషే. జపాన్‌ల అయితె రైలు పండుగలు చేసి, పిల్లలకు చిన్న సైజు యూనిఫాం, టోపీ తొడిగి ఫోటోలు తీస్తరు. మన కాడ సుత గట్ల చెయ్యాలె. పిల్లగానికి ఒక్కసారి గార్డు టోపీ పెట్టి పచ్చజెండా చేతికిస్తె, వాడు జన్మల రైలు మీద రాయి విసరడు.

ఇప్పటి పోరగాండ్ల బట్టలు సుత దాస్తున్న. 2003 ఆగస్టుల ఎంఎంటీఎస్ మొదలైనంక ఈ లైను తీరే మారింది. కంపెనీల నౌకరి చేసే పిల్లలు కొందరు ఆదివారం పొద్దుగాల లింగంపల్లి దిక్కు ప్లాట్‌ఫారం చివర కెమెరాలు పట్టుకొని నిలబడ్తరు. ఎవ్వరి కోసమో అనుకున్న. ఇంజన్ కోసం! ఒకని టీషర్టు మీద లాలాగూడ షెడ్డు డబ్ల్యూఏపీ-7 ఇంజన్ బొమ్మ ఉన్నది. నేను పోయి ముచ్చట పెట్టిన. లాలాగూడ అంటె ఊకె కాదు బాబూ, 1893 కెల్లి అక్కడ రైల్వే వర్క్‌షాప్ ఉన్నది, మా అయ్యల కాలం నుంచి ఆ భోంగా మోతకు ఊరంత లేచేటోళ్ళని చెప్పిన. ఆ పిల్లగాడు పక్కవారం అదే టీషర్టు నా సైజుది కొత్తది తెచ్చి ఇచ్చిండు. ఆనాడు నాకైన సంతోషం ఇంత అంత కాదు. అది ఎవ్వరూ చెమటోడ్చి తొడిగింది కాదు గని, ప్రేమతోటి తొడిగేది. సందుగల దానికి సుత జాగ ఉన్నది.

ఇగో, ఈ నారింజరంగు జాకెట్ మెరిసే పట్టీలది, ఇది ఇప్పటి ట్రాక్ మెయింటెయినర్లది. గ్యాంగ్‌మ్యాన్ పోయి ట్రాక్‌మ్యాన్ అయ్యింది, ట్రాక్‌మ్యాన్ పోయి ట్రాక్ మెయింటెయినర్ అయ్యింది. మా నాయిన నీలి అంగీ పొద్దుమూకితె కానరాకపొయ్యేది. దూరంకెల్లి వచ్చే డ్రైవరుకు పట్టాల మీద మనిషి ఉన్నడని ఎట్ల తెల్వాలె? ఈ రంగు అప్పుడే ఉంటె ఎన్ని పానాలు దక్కునో. ఇప్పుడు చీర మీద ఇదే జాకెట్ వేసుకొని ఆడబిడ్డలు సుత పట్టాల మీద సుత్తె పడ్తున్నరు. 1980లల్ల మహారాష్ట్ర ఆడబిడ్డ సురేఖా యాదవ్ అసిస్టెంట్ డ్రైవరై ఇంజన్ ఎక్కింది. నేను మా నాయిన బీటు కాడ ఒక ఆడబిడ్డను చూసిన, స్పానర్ భుజాన పెట్టుకొని పోతుంటె మా నాయిన నడకే. పిలిచి మంచినీళ్ళిచ్చి, ఈ జాకెట్ పాతదయినప్పుడు నాకు ఇస్తవా బిడ్డా అని అడిగిన. నవ్వింది. ఆర్నెల్లకు ఇంటికి తెచ్చి ఇచ్చింది.

2017ల రైల్వే వాళ్ళు రీతూ బేరీ అనే పేరున్న డిజైనర్‌తోటి సిబ్బందికి కొత్త తీరు బట్టలు గీయించిన్రు. అదే ఏడు జూలై కెల్లి ఏడో పే కమిషన్ లెక్కన యూనిఫాం బట్టకు బదులు పైసలు ఇచ్చుడు మొదలైంది. గప్పుడు ట్రాక్ మీద పనిచేసేటోళ్ళకు, బండి నడిపేటోళ్ళకు ఏడాదికి 5,000, స్టేషన్ మాస్టర్లకు 10,000 పెట్టిన్రు. ఎవ్వరి కొలతకు వాళ్ళు కుట్టించుకుంటరు, మేట్ ఇంటిముందట మార్చుకునే బాధ లేదు. పనిచేసేటోనికి మేలే జరిగింది. కాని ఒకటి అర్థం చేసుకోండ్రి. ఇగ ముద్ర ఉన్న బట్ట రాదు. బజార్ల కొన్న నీలి అంగీని చూసి ఇది రైలోనిదా, ఫ్యాక్టరీదా అని యాభై ఏండ్లకు ఎవ్వరూ చెప్పలేరు. ముద్రలు, గుండీలు ఉన్న పాతబట్టలు ఎన్ని మిగిలినయో గన్నే. అవి సుత ముసలోళ్ళ ఇండ్లల్ల, అటకల మీద, ఎలుకల పాలు అవుతున్నయి.

సాబుల కోట్లు, మెడల్స్ ఏడైనా మిగులుతయి, అద్దాల పెట్టెలల్లకు పోతయి. ఒక్క కోటును ఏడాదికి నాలుగుసార్లు వేసేటోనిది మిగులుతది. రెండే రెండు అంగీలను ఏడాదంత మార్చి మార్చి తొడిగేటోనిది మిగలదు. అందుకే గ్యాంగ్‌మ్యాన్ అంగీ ఒక్కటి దొరికితె నాకు ఇంజన్ దొరికినంత ఇలువ. ఈ పట్టాలకు 2024ల 150 ఏండ్లు నిండినయి. అన్నేండ్లు వాటిని పట్టి నిలబెట్టింది ఆ అంగీలు తొడుక్కున్న చేతులే.

నాకు ఈ సందుగ ఇంట్లనే ఉండాలని లేదు. నా తర్వాత కాచిగూడ స్టేషన్‌ల ఉన్న రైల్వే మ్యూజియంకు ఇయ్యాలని కాయితం రాసి పెట్టిన. మీరు దానికి అడ్డం రావద్దు. బొంతను మాత్రం మడత పెట్టకుంట చుట్టి ఉంచమని చెప్పండ్రి, మడత కాడ పాత నూలు తెగుతది. వేపాకు వెయ్యండ్రి, కర్పూరం గోళీలు బట్టకు తగలకుంట పెట్టండ్రి, ఏడాదికోసారి నీడల ఆరేయండ్రి, ఎండల వద్దు.

మీ దోస్తులల్ల ఎవ్వరి తాతైనా, అమ్మమ్మైనా రైల్వేల చేసి ఉంటె ఒక్క మాట అడగండ్రి. అటక మీద పాత అంగీ, టోపీ, జెండాసంచి, ఒక్క ఇత్తడి గుండీ ఉన్నా గిన్నెలకు వెయ్యద్దని చెప్పండ్రి. ఉతకద్దు, మరకలు తియ్యద్దు, చిరుగు కుట్టద్దు. ఒక చీటీ మీద ఎవ్వరిది, ఏం పని చేసిన్రు, ఏ స్టేషన్, ఏ సాలు అని రాసి సూదిపిన్నుతోటి కాకుండ దారంతోటి కట్టండ్రి, పిన్ను తుప్పు పట్టి బట్టను తింటది. చెప్పేటోళ్ళు బతికుండంగనే పేరు రాసుకోండ్రి. మా చిన్నాయిన చొక్కాకు నేను కట్టిన చీటీ ఇగో, చదువుండ్రి.